కిటికీలో కూర్చునే పని

సాన్ జొవాన్ని పండగ పొద్దున నీవెస్ బురుజులో పావురాల రెట్ట గీకుతోంది. రోక్కాస్పీనా కోట పావురాల రెట్ట అలాంటిలాంటిది కాదు. కోట ఇన్ని వందల ఏళ్ళు నిలబడింది సున్నం వల్ల కాదు, తమ రెట్ట వల్లేనని ఆ పావురాలకి గట్టి నమ్మకం. బురుజు ఎత్తు గురించైతే ఊళ్ళో పెద్దలు ఒక మాట చెబుతారు: పైనుంచి గుడ్డు జారవిడిస్తే కిందికొచ్చేలోగా పిల్లై, రెక్కలొచ్చి ఎగిరిపోతుందట. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు, ఎందుకంటే కింద గుడ్డు పగిలిన మరక ఇంతవరకు ఎవరికీ కనపడలేదు. ఆ బురుజు ఎక్కేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఊడ్చేది మాత్రం నీవెస్ ఒక్కతే.

బురుజు తాళం చెవి ఆమె అత్తవారింటిది. తాతల నుంచి వచ్చి ఇప్పుడు భర్త గ్వాల్తియేరో నడుముకి వేలాడుతోంది. వేసవి వచ్చిందంటే ఇటలీలోని ఈ పార్మా లోయకి అటూ ఇటూ ఉన్న కొండల మీద కోట నుంచి కోటకి, బురుజు నుంచి బురుజుకి తిరిగే యాత్రికులు దిగుతారు. గ్వాల్తియేరో వాకిట్లో నిలబడి వాళ్ళకి కథలు చెబుతాడు. నీవెస్ వాళ్ళ బూట్ల మట్టి తుడుస్తుంది. ఇంకొక ఆచారం ఉంది. పండగనాడు ఆడే ఆటలో, తాళం చెవి ఏ ఇంట ఉంటే ఆ ఇంటి మగవాడు సేనాపతి వేషం కడతాడు, కోడలు దొరసాని వేషం కట్టి బురుజు కిటికీలో కూర్చోవాలి. వెనకటికి ఈ కోట సేనాపతి యుద్ధానికి పోతే అతని భార్య ఏళ్ళ తరబడి ఆ కిటికీ వదలకుండా ఎదురుచూసిందట, అతను గుర్రం మీద తిరిగొస్తుంటే చేతిరుమాలు జారవిడిచిందట. అన్నాళ్ళూ ఆవిడకి వండిపెట్టింది ఎవరో, విప్పిన బట్టలు ఉతికింది ఎవరో కథలో లేదు. కథలు కట్టింది మగవాళ్ళు కదా, అంతదూరం ఆలోచన పోయుండదు.

కింద తలుపుకి బయటినుంచి గడియ పెట్టడం మాత్రం ఈమధ్య వచ్చిన ఆచారం. ఒక ఏడు ఎవరో జర్మనీ యాత్రికుడు తలుపు తెరిచుందని పైకెక్కి, కిటికీలో దొరసాని పక్కన నిలబడి కిందికి చెయ్యి ఊపాడు. పతివ్రత ఎదురుచూస్తున్న కిటికీలో పక్కన నిక్కరు వేసుకున్న మగవాడు. పై ఏడు పండగ దాకా లోయంతా నవ్వింది. అప్పటినుంచి గడియ. దొరసాని చేతిలో ఫోను కూడా ఉండకూడదు, ఒకసారి సరిగ్గా సేనాపతి దణ్ణం పెట్టే సమయానికి మోగింది. ఇప్పుడది ఆటకి ముందే గ్వాల్తియేరో తోలుసంచిలోకి వెళుతుంది.

ఈ పొద్దున ఆ ఫోనుకి తమ్ముడు లోరిస్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది. "అక్కా, అమ్మ నిన్నే అడుగుతోంది. డాక్టరు ఇవాళ గడిస్తే గొప్ప అంటున్నాడు. ఎలాగైనా రా." చేతిలో చీపురుతోనే నీవెస్ భర్త దగ్గరికి పరిగెత్తింది.

గ్వాల్తియేరో అద్దం ముందు సేనాపతి మీసం అంటించుకుంటున్నాడు. డప్పుల వాళ్ళిద్దరు బల్ల మీద కూర్చుని తెల్లవైన్ తాగుతున్నారు.

"ఇవాళేనా?" అన్నాడు. "మీ అమ్మ ముహూర్తం చూసుకునే పడుతుంది మంచాన."

"గ్వాల్తియేరో, ఆమె పోతోంది."

"రెండేళ్ళుగా పోతూనే ఉంది. కిటికీలో ఎవరు కూర్చుంటారు? మా అమ్మని కూర్చోబెట్టనా? ఆ మొహం చూస్తే సేనాపతి గుర్రం తిప్పుకుని మళ్ళీ యుద్ధానికే పోతాడు."

డప్పుల వాళ్ళు నవ్వారు. పక్క గదిలో పిండి పిసుకుతున్న అత్తగారు దెసోలీనాకి వినపడే ఉంటుంది. ఆవిడ చేతులు ఆగలేదు.

"కారు ఇస్తే ఆట కాగానే నేనే పోతాను."

"బాజాల వాళ్ళకి ఇచ్చాను, పాపం ఆ కొమ్ముబూరాలన్నీ మోసుకురావాలి కదా. ఇదిగో విను. ఆట అయిదింటికి అయిపోతుంది. బస్సు ఆరింటికి. గడియ నేనే తీస్తాను, బస్సు నేనే ఎక్కిస్తాను. నీ పనేముంది ఇందులో, కిటికీలో కూర్చోవడమే కదా."

కిటికీలో కూర్చోవడానికి ముందు ఆకుకూర, జున్ను కూరి నీళ్ళలో ఉడికించే తోర్తెల్లి ఊరందరికీ, యాత్రికులందరికీ సరిపడా చుట్టి, తడిగుడ్డ కప్పి పెట్టింది. బల్లలు తుడిచింది. భర్త గుర్రం మీద కప్పే గుడ్డకి ఊడిన అంచు కుట్టింది. అప్పుడు జూన్ ఎండలో మెడ దాకా బిగించే మఖమల్ గౌను తొడుక్కుని, దొరసాని తలపాగా పెట్టుకుని పైకెక్కింది. కింద గడియ పడ్డ చప్పుడు మెట్ల వెంట చుట్టుకుంటూ పైదాకా వచ్చింది.

ఆ కిటికీలోంచి ఎదుటి కొండ మీది బురుజు కనిపిస్తుంది. దాని వెనక, పైభాగం కూలిపోయిన కొసలేని బురుజు. ఇంకా వెనక, గాలి తేటగా ఉన్నరోజున, ఐవీ తీగలు కప్పేసిన మూడోది. వాటికి దారి అడిగే యాత్రికులకి నీవెస్ ఎన్నేళ్ళుగానో చెబుతోంది: చెస్ట్‌నట్ తోపు దాటాక ఎడమకి తిరగండి, వాగు దగ్గర చెప్పులు విప్పండి, అక్కడ కుక్కుంది గాని కరవదు. ఇవన్నీ ఇంకొకరు చెప్పగా విన్నవే, ఆమె ఒక్కదానికీ వెళ్ళలేదు. పెళ్ళైన కొత్తలో కొసలేని బురుజు దాకా నడిచొద్దామా అంటే, "ఒక బురుజు ఊడవడం చాలడం లేదా నీకు" అన్నాడు గ్వాల్తియేరో. బాగుందని ఆ మాట ఇప్పటికీ నలుగురిలో చెబుతాడు. లోయ చివర, పొగమంచులా కనిపించే చోట పట్నం. ఆ పట్నంలో ఆసుపత్రి. అక్కడ అమ్మ. కోటలోకి కోడలిగా పంపుతున్నానని మురిసిపోయిన అమ్మ ఒక్క పండగకి వచ్చింది. జనంలో నిలబడి తల వెనక్కి వాల్చి కిటికీ వంక చూసింది. ఆ సాయంత్రం అందరూ దొరసాని ఎంత బాగుంది, రుమాలు ఎంత బాగా జారింది అంటుంటే అమ్మ మాత్రం దగ్గరికొచ్చి, "పైన తాగడానికి నీళ్ళైనా పెట్టారా నీకు?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. నీవెస్ "ఆఁ, పెట్టారమ్మా" అంది. అబద్ధం. ఆ అబద్ధమైనా ఇవాళ సరిదిద్దుకోవాలి. ఇంకేం చెప్పకపోయినా ఫర్వాలేదు, పెట్టలేదమ్మా అని ఆ చెవిలో చెప్పి రావాలి.

డప్పులు మోగాయి. గుర్రం వచ్చింది. రుమాలు జారింది. జనం చప్పట్లు కొట్టారు, గ్వాల్తియేరో దణ్ణం పెట్టాడు, ఊరేగింపు చర్చి ముంగిట్లో వేసిన బల్లల వైపు కదిలింది. నీవెస్ గౌను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని మెట్లు దిగి, తలుపుకి చెవి ఆనించి నిలబడింది.

ఎవరూ రాలేదు.

మొదట కోపం రాలేదు. గుర్రం దిగొద్దా, కళ్ళెం ఎవరికైనా అప్పజెప్పొద్దా అనుకుంది. తర్వాత, యాత్రికులు ఫోటోలకి పట్టుకుని ఉంటారు. తర్వాత, మరిచిపోయాడు. మరిచిపోవడం అతనికి కొత్తా? సంతలో ఆమెని మరిచి ఇంటికొచ్చేసిన మనిషి. కడుపు పోయి ఆమె ఆసుపత్రిలో పడుంటే, పుట్టగొడుగులు మొలిచే రోజులని అడవికి వెళ్ళి, అక్కణ్ణించి రావడం మరిచిన మనిషి. "ఏం చేస్తాం, మాలో మగవాళ్ళకి మతిమరుపు, ఆడవాళ్ళకి మోకాళ్ళ నొప్పి" అనేవాడు మామగారు. మరుపు నేరం కాదు. నేరం కాని వాటికి కోపం తెచ్చుకునే ఆడది గయ్యాళి. అలా అనుకుంటూనే తలుపుని అరచేతులతో కొట్టింది, తర్వాత భుజంతో గుద్దింది. కొయ్య కదలలేదు. బయట బాజాలు మొదలయ్యాయి. తన గుద్దులు తనకే వినపడలేదు.

మళ్ళీ పైకి పరిగెత్తింది. ఊపిరి అందేలోగా బస్సు కనిపించింది. అగ్గిపెట్టంత నీలం బస్సు, వంపు వంపుకి మాయమై మళ్ళీ తేలుతూ కొండెక్కి, కూడలిలో ఆగింది. నీవెస్ కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి అరిచింది. "గడియ తీయండి. నేనిక్కడున్నాను. ఎవరైనా గడియ తీయండి."

కోట ముంగిట్లో మిగిలున్న యాత్రికులు తలలెత్తారు. ఒకామె పక్కామెని మోచేత్తో పొడిచింది. ఫోన్లు లేచాయి. నీవెస్ తలపాగా పీకి విసిరింది, చెయ్యి ఊపింది, "మా అమ్మ చచ్చిపోతోంది, బస్సు ఆపండి" అని గొంతు చీలేలా అరిచింది. వాళ్ళకి ఆ భాష ఏమర్థమైందో గాని, అంతా చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని, "భేష్" అన్నాడు. ఎంత ఏడిస్తే అంత చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యనే బస్సు మొహం తిప్పుకుని, వంపు వంపుకి చిన్నదౌతూ కిందికి దిగిపోయింది.

నీవెస్ రాతిమీద కూలబడింది. ఏడవడానికి కూడా భయమేసింది, కిందివాళ్ళు మళ్ళీ చప్పట్లు కొడతారేమోనని.

ఎండ గోడ దిగిపోయాక గడియ తీసిన చప్పుడైంది. దిగి చూస్తే తలుపు దగ్గర దెసోలీనా, రొప్పుతూ, చేతులకింకా పిండి.

"రావే పిల్లా. నీళ్ళు మరుగుతున్నాయి, జనం కూర్చున్నారు."

"ఆయన మరిచిపోయాడు అత్తయ్యా."

ముసలావిడ ఆమె మొహం వంక చూసింది. అబద్ధం ఆడదామనే అనుకుందేమో, పెదవులు కదిలాయి. "మరవలేదు," అంది చివరికి. "గడియ తీసొస్తానని నేను రెండుసార్లు లేచాను. బస్సు పోనీయమ్మా, తర్వాత తీద్దువు గాని అన్నాడు. పుట్టింటికెళితే పది రోజులు రావట, ఇక్కడ పనంతా ఎవరు చూస్తారట."

"ఫోను?"

"సంచిలో మోగింది. తీసి పేరు చూసి లోపల పెట్టాడు. మళ్ళీ మోగింది. ఇంకా మోగింది. ఆ తర్వాత మోగలేదు."

దెసోలీనా కోడలి చెయ్యి పట్టుకుంది. "మా నాన్న పోయినప్పుడు నన్నూ ఇక్కడే కూర్చోబెట్టారే. అప్పుడు గడియ కూడా లేదు. కూర్చోమన్నారు, కూర్చున్నాను. దిగొచ్చి పిండి కలిపాను. చచ్చిపోయానా ఏమిటి? రా, ఉప్పెంత వెయ్యాలో నీకే తెలుసు."

నీవెస్ ఆ పిండి చేతిని మెల్లగా విడిపించుకుంది. "మీకూ తెలుసు అత్తయ్యా," అంది.

చర్చి ముంగిలి దాటకుండా ఊరి వాకిలి చేరే దారి లేదు. బల్లల మధ్యనుంచి తలపాగా లేని దొరసాని నడిచొస్తుంటే జనం జరిగి దారిచ్చారు. గ్వాల్తియేరో గ్లాసు పట్టుకుని లేచాడు. "చూశారా, సేనాపతి ఆలస్యమైతే మా ఇల్లాలు తనే వెతుక్కుంటూ వచ్చింది," అన్నాడు అందరికీ వినపడేలా. ఆమె దగ్గరికొచ్చి, అతని నడుముకున్న తోలుసంచి తెరిచి, ఫోను తీసుకుంది.

"ఏమిటిది, అందరి ముందూ?" అన్నాడు గొంతు తగ్గించి. "బస్సు పోయింది కదా. ఎక్కడికి పోతావ్?"

"కిందికి."

ఇదీ ఆటలో భాగమేననుకుని ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నీవెస్ వెనక్కి చూడలేదు. ఊరి వాకిలి దాటి, ఆఖరి ఇల్లు దాటి, చెస్ట్‌నట్ తోపు దగ్గర మొదటి వంపు తిరిగాక తమ్ముడికి ఫోన్ చేసింది.

"లోరిస్, బయల్దేరాను. నడిచొస్తున్నాను."

"నిదానంగా రా అక్కా," అన్నాడు లోరిస్. "ఇక తొందరేం లేదు."

నీవెస్ నడక తగ్గించలేదు.