ఫౌస్టినో అడగని మాట

నేను ఒక ఆస్పరాగస్ కత్తిని. కత్తి అనగానే మీరు కూరలు తరిగేదాన్నో, కోడిని కోసేదాన్నో అనుకుంటారు. అంత సుఖం నాకెక్కడిది? ఇనప కడ్డీకి ఒక కొసన చెక్క పిడి, రెండో కొసన చేపతోకలా చీలిన పలక, అదీ నా ఆకారం. నేల్లోంచి వెదురు పిలకలా పొడుచుకొచ్చే ఆస్పరాగస్ కాడని మన్ను కింద ఏటవాలుగా దూరి తెంపడం నా పని. ఆ కాడల్ని అమెరికా దొరలు వెన్నలో వేయించుకుని తింటారు. వాటికోసం నడుములు విరిగేది మాత్రం వేరేవాళ్ళకి.

కాలిఫోర్నియాలో నదీ తీరపు పల్లపు నేలల్లో ఒక కమ్మరి నన్ను పాత లారీ స్ప్రింగు పట్టీ కాల్చి తయారుచేశాడు. కొడుతున్నంతసేపూ ఎవర్నో తిడుతూనే ఉన్నాడు. అందుకేనేమో నాకూ కాస్త నోటిదురుసు అబ్బింది. నా మాట ఎవరికీ వినపడదు గనక నాకు మొహమాటం లేదు.

ఆ ఊరి సంగతి ముందు చెప్పాలి. అక్కడ నది పొలం కన్నా ఎత్తున పారుతుంది. మధ్యలో ఒక్క మట్టికట్టే అడ్డు. నేలంతా కుళ్ళిన తుంగతో తయారైన నల్లమన్ను. ఎండాకాలంలో ఎవడైనా సిగరెట్టు పీక పారేస్తే నిప్పు లోపలికి దిగి, పైకి పొగైనా రాకుండా నెలల తరబడి రగులుతుంది. పచ్చగా ఉందని కాలు పెడితే మోకాలిదాకా నిప్పుల్లోకి దిగబడిన మనుషులున్నారు. అలాంటి చోట జనం ఇళ్ళు కట్టుకుని, పిల్లల్ని కని, గురక పెట్టి నిద్రపోతారు. మనుషుల ధైర్యం చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నన్ను కొన్నవాడు ఫౌస్టినో తబియోస్. ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్ నుంచి వయసులో ఉండగా ఓడెక్కి వచ్చాడు. గ్రాంజర్ అనే తెల్ల ఆసామి దగ్గర ఆస్పరాగస్ కోతకి కుదిరాడు. భార్య ప్రుడెన్సియా కూలీలందరికీ వండి పెట్టేది. వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. పేరు ఇల్యుమినాడా, ముద్దుగా లుమింగ్. ఆ పిల్ల జ్ఞానస్నానం దగ్గరే అసలు కథ మొదలైంది.

ఇలోకోస్ వాళ్ళకి బిడ్డకి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడంటే మాటలు కాదు. ఆ రోజు నుంచి వాడు బిడ్డ తండ్రికి 'కుంపారే' అవుతాడు. మీకు తోడబుట్టినవాడూ వియ్యంకుడూ ఒకడే అయితే ఎలా ఉంటుందో అలాంటి వరస. కుంపారే ఇంట్లో చావైతే వీళ్ళు మైల పడ్డట్టే ఉంటారు. కుంపారే మాట తప్పడం వాళ్ళ ఊహకి కూడా అందదు. ఫౌస్టినో వెళ్ళి గ్రాంజర్‌ని అడిగాడు. గ్రాంజర్ నవ్వి, టోపీ తీసి, గుళ్ళో నిలబడి, ఫాదర్ చెప్పమన్న మాటలు చెప్పాడు. విందులో పందిమాంసం కడుపునిండా తిన్నాడు. పనివాడి ముచ్చట తీర్చానని సంతోషంగా ఇంటికి పోయాడు. ఇద్దరిలో ఒకడు ఆ రోజు తమ్ముడయ్యాడు, రెండోవాడు విందుకి వచ్చి వెళ్ళాడు. ఆ తేడా ఇద్దరికీ తెలియలేదు.

కొన్నేళ్ళకి ఫౌస్టినో దంపతులు నదికట్ట పక్కన ఒక చెక్క పొలం కొన్నారు. అప్పట్లో అక్కడి చట్టం ఫిలిప్పీన్స్ వాళ్ళ పేరున భూమి ఉండనిచ్చేది కాదు. మరి ఎవరి పేరున రాయించాలి? వాళ్ళతో కోతకొచ్చే పెద్దమనిషి ఇసిద్రో ఉన్నాడు. పెద్దవాణ్ణి వాళ్ళు మనం అన్నా అన్నట్టు 'మనోంగ్' అంటారు. ఆ మనోంగ్ ఇసిద్రో గట్టుమీద కూచుని చెప్పాడు.

"పిల్ల ఇక్కడే పుట్టింది కదరా. దాని పేరున రాయించెయ్. ఇక్కడ పుట్టినవాళ్ళని ఎవరూ కాదనలేరు. జపాన్ వాళ్ళు చాలామంది అలాగే చేశారు."

"కుంపారే ఉండగా పిల్ల పేరున రాయిస్తే ఆయనేమనుకుంటాడు మనోంగ్? నన్ను నమ్మలేదా అని బాధపడడా?"

"బాధపడితే పడనీ. బాధ తగ్గిపోతుంది. పొలం పోతే తిరిగొస్తుందా?"

ఫౌస్టినో ఆ మాట పెడచెవిన పెట్టాడు. పొలం గ్రాంజర్ పేరున రాయించాడు. గ్రాంజర్ కూడా మంచి మనసుతోనే సరేనన్నాడు, ఆ మాట దాచను. ప్రుడెన్సియా మాత్రం ఆ రోజు అన్నం తినలేదు. పొయ్యి దగ్గర కూచుని పిల్ల తల నిమురుతూ ఉండిపోయింది.

ఆస్పరాగస్ వేసినవాడు మూడేళ్ళు చేతులు కట్టుకుని కూచోవాలి. ముందు వేరు బలపడాలి, తర్వాతే కోత. బలపడిందంటే పదిహేనేళ్ళు కాస్తూనే ఉంటుంది. ఆ చోట ఉండిపోతానన్న నమ్మకం లేనివాడు వెయ్యని పంట అది. ఆ మూడేళ్ళూ నేను కొట్టంలో వేలాడుతూ, సందులోంచి చూస్తూ ఉన్నాను. మొదట్లో గ్రాంజర్ ఆదివారాలు వచ్చి లుమింగ్‌ని ఒళ్ళో కూచోబెట్టుకునేవాడు. తర్వాత పండగలకి వచ్చేవాడు. తర్వాత కారు దిగకుండానే చెయ్యి ఊపి పోయేవాడు. వేళ్ళు బలపడి మొదటి కోతకొచ్చిన ఏట తన ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకొచ్చాడు. కొడుకులు గట్టుమీద నిలబడి పొలాన్ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశారు. పెద్దవాడు నల్లమన్ను గుప్పెడు తీసి, పిసికి, చెయ్యి దులుపుకున్నాడు. చలికాలపు మంచు కట్టమీంచి కిందికి దిగుతోంది. నాకెందుకో ఆ చూపు నచ్చలేదు.

"ఆ పిల్లలు నన్ను 'పిన్నీ' అనలేదు," అంది ప్రుడెన్సియా ఆ సాయంత్రం. "ఎలా ఉన్నావని కూడా అడగలేదు. వాళ్ళకి మనమెవరమో వాళ్ళ నాన్న చెప్పి ఉండడు."

"చెప్పకుండా ఎందుకుంటాడు? కుంపారే కదా."

ఆ 'కుంపారే కదా' అన్న మాట వింటే నాకు తుప్పు పట్టినట్టుండేది.

యుద్ధం వచ్చింది. యుద్ధం చివరికొచ్చేసరికి చట్టం మారబోతోందని, ఫిలిప్పీన్స్ వాళ్ళకీ పౌరసత్వం ఇస్తారని ఊళ్ళో చెప్పుకోసాగారు. ఫౌస్టినో మొహం వెలిగిపోయింది. చట్టం మారగానే కుంపారే తనే పిలిచి పొలం అప్పజెప్తాడని, అంతదాకా తొందర పెట్టడం మర్యాద కాదని చెప్పేవాడు. సరిగ్గా అప్పుడే గ్రాంజర్ మంచాన పడ్డాడు. కడుపులో పుండు. డాక్టర్లు పెదవి విరిచేశారు.

"ఇవాళే వెళ్ళి అడుగు," అంది ప్రుడెన్సియా. ఆమె గొంతులో భయం నాకు తెలుస్తూనే ఉంది. "మనిషి మాట్లాడుతుండగానే లుమింగ్ పేరున రాసెయ్యమను. నీకు నోరు రాకపోతే నేనొస్తాను."

"చచ్చిపోయేవాడి మంచం దగ్గర నిలబడి నా పొలం ఇమ్మని అడగనా? అన్నకి నువ్వైతే అలా చేస్తావా?"

"చేస్తాను. నా బిడ్డ కోసమైతే చేస్తాను."

ఫౌస్టినో వెళ్ళాడు, కానీ అడగడానికి కాదు. అల్లం వేసి కాచిన కోడి గంజి పట్టుకుని రోజూ వెళ్ళాడు. గ్రాంజర్ ఒళ్ళు తుడిచాడు, దుప్పటి మార్చాడు. కన్నకొడుకులు గుమ్మం దాటి లోపలికి రాని ఆ గదిలో గంటల తరబడి కూచున్నాడు. కోత నుంచి తిన్నగా వచ్చేవాడు గనక నన్ను కిటికీకి ఆనించి లోపలికి పోయేవాడు. ఒకనాటి మధ్యాహ్నం కిటికీ తెరిచే ఉంది. గ్రాంజర్ గొంతు సన్నగా వినపడింది.

"ఫౌస్టినో, నన్నేమైనా అడగాలనుకుంటున్నావా?"

అడగరా, అడుగు అని నాలో నేను కొట్టుకున్నాను. ఇంత ఇనుముండీ ఒక్క మాట మోయలేని బతుకు నాది.

"ఏం లేదు కుంపారే. నువ్వు నిద్రపో."

గ్రాంజర్ సరేనన్నాడు. ఆయన దేన్ని గురించి అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. పొలం గుర్తొచ్చి అడిగాడేమో, రోజూ వచ్చినందుకు కూలి ఇవ్వాలనుకున్నాడేమో. ఆ వారం దాటకుండానే పోయాడు.

ఇలోకోస్ వాళ్ళ ఆచారం ప్రకారం ఫౌస్టినో తన ఇంట్లో తొమ్మిది రోజుల ప్రార్థన పెట్టాడు. సొంత అన్న పోయినట్టు నల్లబట్ట కట్టుకుని ఏడ్చాడు. ఆ ప్రార్థనలు పూర్తికాకముందే పొలం గట్టుమీద అమ్మకం కొలతలకని ఎర్ర గుడ్డ కట్టిన మేకులు దిగాయి. పదో రోజున పెద్ద కొడుకు వచ్చాడు. మొరటుగా మాట్లాడలేదు, టోపీ కూడా తీశాడు.

"మా నాన్న మీకు చాలా చేశాడు. ఇన్నేళ్ళు ఊరికే ఉండనిచ్చాడు. ఇప్పుడు మేం అమ్మేస్తున్నాం. కోత అయ్యేదాకా ఉండండి."

"ఈ పొలం మాది బాబూ," అన్నాడు ఫౌస్టినో. "నేను మీ నాన్నకి కుంపారేని. ఆయన మీకు చెప్పలేదా?"

ఆ అబ్బాయి ఆ మాట ఎప్పుడూ విననట్టు చూశాడు. నిజంగానే వినలేదు, పాపం. వాడి తప్పేముంది అందామనిపించింది గానీ, అనలేకపోయాను. ప్రుడెన్సియా లోపల సామాను సర్దుతోంది. ఆ చప్పుడుకే ఫౌస్టినో తల ఎత్తలేకపోయాడు.

చట్టం ఆ వేసవిలోనే మారింది. అప్పటికి వాళ్ళు ఊళ్ళో లేరు. కొట్టంలో ఉన్న సామానంతా పొలంతోపాటే పోతుందన్నారు గనక నేను అక్కడే ఉండిపోయాను. తర్వాత చేతులు మారి, తిరిగి తిరిగి గ్రాంజర్‌ల ఇంటికే చేరాను, పిడి మీద దుమ్ము పేరుకుంది. చివరికి గ్రాంజర్ మనవరాలు ఎవరో నన్ను తుడిచి, ఊరి మ్యూజియానికి ఇచ్చింది. అద్దాల పెట్టెలో పెట్టి కింద చీటీ అంటించారు. 'గ్రాంజర్ కుటుంబం వాడిన ఆస్పరాగస్ కత్తి' అని. గ్రాంజర్‌లు నాతో ఒక్క కాడైనా కోసిన పాపాన పోలేదు.

కిందటి వర్షాకాలం ఒక ముసలావిడ వచ్చింది. తడిసిన గొడుగు ముడిచి, కళ్ళజోడు తీసి, అద్దానికి మొహం ఆనించింది. ప్రుడెన్సియా ముక్కే, ప్రుడెన్సియా నుదురే. లుమింగ్ అని తెలిసిపోయింది. చీటీ చదివి, మ్యూజియం చూసుకునే ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"ఆ కత్తి మా నాన్నది. పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు మా అమ్మ చుట్టింది. ఆయన చేతికి బొబ్బలెక్కుతున్నాయని."

మ్యూజియం ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. "అలాగా అమ్మా. మీ దగ్గర ఏదైనా రుజువు ఉందా? చీటీ ఊరికే మార్చలేం కదా. మీ నాన్నగారు ఎప్పుడైనా అడిగారా?"

"లేదు," అంది లుమింగ్. "చనిపోయేదాకా పరాయి పొలాల్లో కోశాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. కుంపారే బాధపడతాడని."

"అయితే ఇప్పుడు మీరు..."

"నేను అడగడానికే వచ్చాను."

కమిటీ వాళ్ళతో మాట్లాడాలి, చాలా రోజులు పడుతుంది, మళ్ళీ రమ్మని ఆవిడ ఏదో చెప్పబోయింది. లుమింగ్ అద్దాల పెట్టె పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. బయట వాన పెరిగింది, నది పొంగుతోందని రేడియోలో చెబుతున్నారు. మూసేవేళ అయింది. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చారు. లుమింగ్ లేవలేదు.