అత్తయ్య కోసం తవ్విన నేల

ఆదివారం భోజనాల గిన్నె తోముతూ ఆ మాట అనేశాను. ఉప్పు మాంసం, క్యాబేజీ, టర్నిప్, గుడ్డసంచీలో మూటకట్టిన బఠాణీ ముద్ద, అన్నీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి మా ఇంట్లో. ఆ గిన్నె అడుగు తోమడానికి అరగంట పడుతుంది. పీచు ఆపకుండా, వెనక్కి తిరక్కుండా చెప్పాను.

"కాలేజీలో పేరిచ్చాను. జేసీబీ, రోడ్డు చదునుచేసే గ్రేడర్, బుల్డోజర్ నడపడం, రోడ్లూ కాలవలూ వెయ్యడం నేర్పే కోర్సు. సెప్టెంబర్‌లో మొదలు."

వెనకాల బల్ల దగ్గర నా మొగుడూ అత్తయ్యా ఇంకా తింటున్నారు.

ముందు లియో నవ్వాడు. నా మొగుడిది చెడ్డ నవ్వు కాదు. కుక్కపిల్ల తన తోక తనే పట్టుకోబోతే నవ్వుతామే, అలాంటిది. "నీకెందుకే అదంతా? మన పెరట్లో ఒక జేసీబీ ఉంది కదా," అన్నాడు. దాని మీద నన్ను ఒక్కసారైనా కూర్చోబెట్టావా అని అడగబోయి, నోట్లోనే మింగేశాను.

అత్తయ్య పళ్ళెంలోంచి తల కూడా ఎత్తలేదు. ఆవిడ పేరు ఫిలొమీనా. అప్పటికి ఎనభై ఒకటి. "జేసీబీ బకెట్ తిప్పడమంటే గరిటె తిప్పడం కాదు పిల్లా," అంది. "నలభై ఏడేళ్ళొచ్చాయి నీకు. కుర్రకారు మధ్య కూర్చుని నవ్వులపాలవుతావు."

నేను గిన్నె కడిగి బోర్లించాను.

మా కోవ్‌లో, సముద్రపొడ్డునున్న ఈ చిన్న ఊళ్ళో, ఎవరింటికి పునాది తియ్యాలన్నా, మరుగుదొడ్డి గొయ్యి తవ్వాలన్నా, చర్చి వెనక సమాధికి గుంత తియ్యాలన్నా లియోనే రావాలి. వాడి ట్రక్కు తలుపు మీద 'లియో కార్నెక్ట్, తవ్వకం పనులు' అని ఎర్ర అక్షరాలుంటాయి. ఆ పనుల్లో నేనెక్కడుండేదాన్ని? యంత్రం కింద ఉండేదాన్ని. నా చెయ్యి చిన్నది, సందుల్లోకి దూరుతుంది కాబట్టి జనవరిలో మంచు మీద అట్ట పరుచుకుని, వెల్లకిలా పడుకుని, కీలుకీలుకీ గ్రీజు కొట్టేదాన్ని. వానలో ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ కర్ర పట్టుకుని నిలబడేదాన్ని. డీజిల్ డబ్బాలు మోసేదాన్ని. ఫోన్లెత్తేదాన్ని. వాడి ఓవరాల్స్ విడిగా రెండుసార్లు ఉతికేదాన్ని. ఇవన్నీ పీతల ఫ్యాక్టరీలో నా షిఫ్టు అయ్యాక. రెండేళ్ళ కిందట ఫ్యాక్టరీ మూసేశారు. అప్పట్నుంచి లియోకి ఒక కొత్త మాట దొరికింది. "ఎలాగూ ఖాళీయే కదా, ఆ ఫిల్టర్ మార్చెయ్." "ఎలాగూ ఖాళీయే కదా, అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు." దుకాణంలో ఎవరైనా ఏం చేస్తున్నావు బెర్నడెట్ అనడిగితే, ఏం లేదు, ఇంట్లోనే ఉన్నానని నేనే చెప్పేదాన్ని. అదీ విచిత్రం. నన్ను వాళ్ళ కంటే ముందు నేనే లెక్కలోంచి కొట్టేసుకునేదాన్ని.

కాలేజీ గంటన్నర దూరం. సోమవారం నుంచి శుక్రవారం దాకా హాస్టల్. మొదటి సాయంత్రం రొట్టె కాల్చుకుని, బెల్లప్పాకం రాసుకుని, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని తిన్నాను. "ఇంకేముంది?" అని ఎవరూ అడగలేదు. పళ్ళెం ఒకటే, కడగాల్సింది. దాన్ని కడగకుండా కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాను. ఏదో తప్పు చేస్తున్నట్టూ ఉంది, ఒళ్ళంతా తేలికపడినట్టూ ఉంది.

మర్నాడు మైదానంలో మా ఉపాధ్యాయుడు ఆంబ్రోజ్ గ్రీజు గన్‌లు చేతికిచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాది మంచుసీమ లాబ్రడార్‌లో రోడ్లు వేసినవాడు, ఎండకీ మంచుకీ మొహం తోలులా అయిపోయినవాడు. "ఈ యంత్రానికి గ్రీజు ఎక్కడెక్కడ పెట్టాలో వెతకండి," అన్నాడు. మిగతా పదకొండు మందీ పుస్తకాలు తెరిచేలోపు నేను చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి దూరి, పని ముగించి బయటికొచ్చాను.

"ఎవరు నేర్పారు తల్లీ?"

"ఎవరూ నేర్పలేదు. చేయించారు."

ఆయన నవ్వలేదు. "ఎన్నేళ్ళు?" అన్నాడు. ఇరవై రెండన్నాను. జేబులోంచి నా దరఖాస్తు తీశాడు. 'అనుభవం' అన్నచోట నేను 'లేదు' అని రాసి ఉన్నాను. దాన్ని కొట్టేసి, పక్కన ఇరవై రెండేళ్ళు అని రాసి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను గ్రీజు చేతులతో అక్కడే నిలబడిపోయాను.

అలాగని సీటెక్కగానే రాణినైపోయానా? అందరికంటే నేనే అధ్వాన్నం. లివర్ మీద చెయ్యి వెయ్యగానే చెవుల్లో లియో గొంతు: "జాగ్రత్త! విరగ్గొడతావ్!" నిజానికి వాడా మాట యంత్రం గురించి ఎప్పుడూ అనలేదు, ముట్టుకోనిస్తేగా. సీసాల గురించి, కారు గురించి, వాడి ముందు నేను పట్టుకున్న ప్రతిదాని గురించీ అన్నాడు. అవన్నీ కలిసి నా మోచేతుల్లో కూర్చున్నాయి. బకెట్ గాల్లో వణికేది. ఆంబ్రోజ్ మెట్టెక్కి తలుపులోంచి తొంగిచూసి, "లివర్ని పట్టుకుంటున్నావా, బతిమాలుకుంటున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ఏ నరం సడలిందో గానీ, ఆ వారం చివరికి బకెట్ నేను చెప్పినచోట దిగడం మొదలుపెట్టింది.

నవంబర్లో మొదటిసారి ఒక కాలవ నేనొక్కదాన్నే తవ్వాను. వాలు కంటికి ఆనదు, అరవై అడుగులకి ఒక జానెడు. ఆంబ్రోజ్ పై చివర బకెట్టెడు నీళ్ళు పోసి, కింది చివరికి నడుచుకుంటూ వెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళు ఎక్కడా ఆగకుండా, ఎక్కడా గుంట కట్టకుండా, మట్టిరంగు తిరిగి మెల్లగా వచ్చి ఆయన బూట్లు తడిపాయి. ఆయన టోపీ సర్దుకున్నాడు. ఇప్పుడు పెద్దవాళ్ళై వేరే ఊళ్ళలో ఉన్న నా ఇద్దరు పిల్లలూ మొదటి అడుగులు వేసినప్పుడు కూడా నేను అంత సంతోషపడ్డానో లేదో. పడే ఉంటాను. కానీ అప్పుడు చేతిలో ఏదో ఒక పని ఉండే ఉంటుంది.

శుక్రవారం ఇంటికొస్తే సింకు నిండా గిన్నెలు. వారం మధ్యలో లియో ఫోన్లు. "వాషింగ్ మెషీన్లో సబ్బు ఎక్కడ పొయ్యాలే?" హైడ్రాలిక్ పంపుని కళ్ళు మూసుకుని విప్పి బిగించగల మనిషి అడిగే ప్రశ్న అది. చెప్పేదాన్ని. మళ్ళీ వారం మళ్ళీ చెప్పేదాన్ని.

క్రిస్మస్ దాటాక అత్తయ్య గుండె నీరసించింది. కాళ్ళు వాచాయి. మెట్లెక్కలేక ముందు గదిలోకి మంచం దించారు. పగలు ఒక సహాయకురాలు వచ్చి చూసుకునేది. అయినా లియో మొహం వేలాడేసి, "కోర్సు ఎక్కడికీ పోదుగా. వచ్చే ఏడు చేసుకోవచ్చుగా?" అన్నాడు. గట్టిగా అనుంటే పోట్లాడేదాన్ని. అలసిపోయి అన్నాడు. ఆ శనివారం మధ్యాహ్నం అత్తయ్య పాదాలు గోరువెచ్చటి నీళ్ళలో కడుగుతూ చెప్పాను.

"మానేస్తున్నాను అత్తయ్యా. మీరు కాస్త తేరుకున్నాక చూద్దాం."

ఆవిడ పాదం వెనక్కి లాక్కుంది. నీళ్ళు నా ఒళ్ళో చిందాయి.

"తేరుకుంటానని నీకెవరు చెప్పారు?" అంది. కిటికీలోంచి సముద్రం వైపు చూసి, "మీ మామయ్య రోడ్డు శాఖలో గ్రేడర్ నడిపేవాడు కదా. ఒక చలికాలం ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పడిపోయాడు. పనికి రాకపోతే ఆ గ్రేడర్ ఇంకొకడికిచ్చేస్తారు. లియో చంటిపిల్లాడు. మూడు వారాలు నేను నడిపాను," అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం నడిపారు?"

"గ్రేడరే పిల్లా! ఆయన కోటు తొడుక్కుని, టోపీ కిందికి లాక్కుని, మొహానికి మఫ్లర్ చుట్టుకుని. మంచు మొత్తం తోసేదాన్ని, ఇక్కణ్ణుంచి వంతెన దాకా. ఎదురొచ్చినవాళ్ళు మీ మామయ్యే అనుకుని 'ఏం డాల్ఫ్!' అని చెయ్యూపేవాళ్ళు. నేనూ ఊపేదాన్ని."

"మామయ్యకి తెలుసా?"

"తెలీకేం? కోటు బొత్తాలు పెట్టిందే ఆయన. మంచం దిగాక మాత్రం ఒక్కనాడు ఆ మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు. యాభై ఏళ్ళు దాటింది." ఆవిడ గొంతు మెత్తబడింది. "బ్లేడు వాల్చి తోస్తుంటే మంచు పక్కకి చుట్టుకుంటూ పోతుందే, అబ్బ! ఇప్పటికీ కలలోకొస్తుంది."

నేను ఆ తడి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని తువ్వాలుతో ఒత్తాను. "మరి ఆరోజు నన్నెందుకలా అన్నారు?"

"కడుపు మండింది. నువ్వు గిన్నె తోముతూ తోముతూ అంత సులువుగా చెప్పేశావు. నేను జన్మలో నోరు తెరిచి అడగలేకపోయాను." నా తల మీద చెయ్యి వేసింది, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి. "సోమవారం వెళ్ళు. ఇంకోటి. నా గుంత లియో చేత తవ్వించకు. వాడు కుక్క గీరినట్టు తవ్వుతాడు. నువ్వు తవ్వు, మీ మామయ్య పక్కన. గోడలు నిటారుగా రావాలి."

సోమవారం వెళ్ళాను. ఫిబ్రవరిలో ఒక మంగళవారం, సహాయకురాలు టీ కలుపుతుండగా, అత్తయ్య కుర్చీలోనే పోయింది.

నేను ఇంటికి చేరేసరికి లియో పెరట్లో జేసీబీ ఇంజన్ వేడెక్కిస్తూ కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెట్టెక్కి తలుపు తీశాను. "అత్తయ్య నన్ను తవ్వమంది," అన్నాను.

"అమ్మ నీతో అందా?" చిన్నపిల్లాడిలా చూశాడు. "నాతో అనలేదే. ఏమంది?"

కుక్క సంగతి వదిలేశాను. "గోడలు నిటారుగా ఉండాలంది."

వాడి మొహంలో ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "నా పని అమ్మకెప్పుడూ నచ్చలేదు," అన్నాడు. చాలాసేపు స్టీరింగ్ మీద చేతులు తియ్యలేదు. తర్వాత కిందికి దిగి, నేను ఎక్కేదాకా తలుపు పట్టుకున్నాడు.

చర్చి వెనక నేల రెండడుగుల దాకా గడ్డకట్టి ఉంది. యంత్రం ఊగకుండా ఆనించే కాళ్ళు దించి, బకెట్ పళ్ళతో పైపెచ్చు మెల్లగా విరగ్గొట్టాను. కింద మట్టి మెత్తగానే ఉంది. నాలుగడుగుల లోతు దాకా గోడలు కత్తితో కోసినట్టు వచ్చాయి. అక్కడ బకెట్ 'ఠంగ్' మంది. రాయి. పెద్దది, మామయ్య సమాధి వైపు గోడలోకి సగం దూరి ఉంది.

"లాగెయ్! ఒక్క గుంజు గుంజు, వచ్చేస్తుంది!" పార పట్టుకుని లియో అరిచాడు.

వస్తుంది. దానితో పాటు ఆ గోడా వస్తుంది, గోడ వెనకున్న మామయ్యా వస్తాడు. ఇంజన్ ఆపేశాను. ఆ నిశ్శబ్దంలో కిందికి దిగి, గుంత అంచున బోర్లా పడుకుని చూశాను. రాయి ఎటు వాలి ఉంది, దాని బరువు దేని మీద ఉంది, నేను కింద ఏ మట్టి తీస్తే అది నావైపు దొర్లుతుంది?  మళ్ళీ యంత్రం ఎక్కి, ఇవతలి గోడ పక్కన కింది మట్టి ఇంకో అడుగు లోతు తీశాను. రాయి కింది మట్టిని బకెట్ అంచుతో కొంచెం కొంచెంగా గీకాను. అది నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు నెమ్మదిగా నా వైపుకి వాలింది. బకెట్లోకి తీసుకుని పైకెత్తాను. అవతలి గోడ నుంచి గుప్పెడు మట్టి కూడా రాలలేదు.

లియో పార భుజాన వేసుకుని గుంతలోకి చూస్తూ నిలబడ్డాడు. "అమ్మకి నచ్చుతుంది," అన్నాడు చివరికి.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో టీ తాగుతుంటే చర్చి పెద్ద వచ్చి వాడి భుజం తట్టాడు. "చక్కగా తవ్వావయ్యా లియో. ఇంత శుభ్రమైన గుంత ఈ మధ్య చూళ్ళేదు." ఇలాంటప్పుడు వాడు ఆ మెప్పు తనదే అన్నట్టు తల ఊపేస్తాడు. అది నాకు అలవాటే, నేను కప్పులోకి చూసుకున్నాను.

"నేను కాదు. బెర్నడెట్ తవ్వింది," అన్నాడు లియో. "నేను పార పట్టుకుని నిలబడ్డానంతే."

హాల్లో సగంమంది నావైపు తిరిగారు. నేను కప్పు కింద పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం బ్యాగు సర్దుకున్నాను. ఊరివాళ్ళు వండి తెచ్చిన కూరల గిన్నెలు వంటింటి నిండా ఉన్నాయి. వాటిని అలాగే వదిలి బయటికొచ్చాను. లియో నా కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు. నన్ను చూసి చేతొడుగు తీసి, మళ్ళీ తొడుక్కున్నాడు.

"ఏప్రిల్‌లో సర్టిఫికెట్ చేతికొస్తుంది కదా," అన్నాడు. "వచ్చాక నా దగ్గరే పనిచేద్దువుగాని. జేసీబీ నువ్వే నడుపు. ఉత్తినే అనడం లేదు, నిజంగానే."

వాడు ఇవ్వగలిగిందంతా ఇస్తున్నాడని నాకు తెలుసు. వాడి చెంప మీద చెయ్యి పెట్టాను, చల్లగా, గరుకుగా ఉంది. నేను ఆ చెంపని ఇష్టపడే మనిషినే, ఇప్పటికీ.

"నీ దగ్గర చాలా ఏళ్ళు చేశాను లియో," అన్నాను. "ఇప్పుడు జీతమిచ్చి నన్ను పనిలో పెట్టుకునేవాళ్ళ దగ్గర చేస్తాను."