నవత ఎవరి పోలిక

ఐదో ముద్ద నోట్లో పెట్టగానే అత్తమ్మ మళ్లీ అడిగింది. "నువ్వు ఎవరి బిడ్డవే? జర చెప్పరాదూ." నాలుగు ముద్దలకు నాలుగుసార్లు చెప్పాను, నీ కోడలిని అని. ఇరవై రెండేళ్లయింది ఈ ఇంటికొచ్చి. మూతి తుడిచి నీళ్లు తాగించాను. పక్కనే మెరుపు రాళ్లు అంటించాల్సిన చీరలు కుప్పగా పడి ఉన్నాయి. రేపటికల్లా పని ఇచ్చే సేటుకు అందాలి.

ఈ అత్తమ్మే, వజ్రమ్మ, ఒకప్పుడు మగ్గం మీద వేల పోగుల్లో తెగిన పోగును చూపు ఆనగానే పట్టేదట. నా కూతురు నవత పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుంటే, "మా రక్తం, యాడికి పోతది?" అని అత్తమ్మా మా ఆయనా వాడంతా మిఠాయి పంచారు. అదే పిల్ల గ్లాసు పగలగొడితే తల్లి పోలిక. అది చదివినన్నాళ్లూ పక్కనే కూర్చుని రాళ్లు అంటించిన నాకు ఆ నూరులో ఒక్క మార్కు కూడా రాలేదు. అత్తమ్మకు మతిమరుపు మొదలైన రోజుల్లో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. "నీకు బుర్రనే లేదు" అని మా ఆయన లక్ష్మీరాజం నన్నే తిట్టేవాడు. నిజమేనేమో అని నేను కూడా నమ్మాను.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం ఆమెను మెదడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. సాహిత్య మేడం, ఈ పరాయి రాష్ట్రంలో దొరికిన తెలుగామె. "ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు?" అంటే ఆయన "మేమే మేడం" అన్నాడు. రోజుకు మూడుసార్లు పక్కబట్టలు ఉతికేది నేనొక్కదాన్నే. మేడం అత్తమ్మ వంశం గురించి అడిగింది. అత్తమ్మ తండ్రికీ ఇదే జబ్బు, ఇద్దరికీ అరవై నిండకముందే మొదలైంది. కొన్ని కుటుంబాల్లో ఇది రక్తంలోనే దిగుతుందట. బిడ్డలకు వచ్చేదీ రానిదీ సగం సగమట.

"మొదట్లో అడిగిందే మళ్లీ అడుగుతుంటారు. మీరు కూడా పరీక్ష చేయించుకోండి. మీకు ఉంటే, పాప సంగతి అప్పుడు మాట్లాడదాం," అంది ఆయనతో. ఆయనకు నలభై ఎనిమిది.

తిరిగి ఆటోలో వస్తూ ఆయన మా గల్లీ మలుపులో గట్టిగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"నవతది అచ్చం నీ పోలికే గదనే? తెలివి గిట్ల అంత నీదే గద?"

ఇరవై రెండేళ్లు ఈ మాట కోసం కాచుకున్నాను. ఇప్పుడా ఇచ్చేది, ఇలాగా? ఒళ్లు మండిపోయింది. అయినా దేవుడా, ఈ ఒక్కటీ నిజం చెయ్యి, పిల్లకు వీళ్ల రక్తం చుక్క కూడా అంటకుండా చూడు అని మొక్కుకున్నాను. మొక్కడం తప్ప నా చేతిలో ఏముంది?

"అవును, నా పోలికే," అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి అత్తమ్మ కాళ్లు కడిగి పడుకోబెట్టి, చాయ్ పెట్టి ఇచ్చాను. గ్లాసు అందుకుంటూ ఆయన నా ముఖంలోకి చూశాడు, ఏదో అప్పుడే తట్టినట్టు.

"ఏమే, ఒక్క మాట అడుగుత. మన నవత నీ పోలికే గద?"