శాంతయ్య సరస్సు

వేంపల్లె మిషన్ బడిలో శాంతయ్య పంతులుకు లోకమంతా తెలుసు, ఇల్లు తప్ప. దక్షిణ సముద్రంలో ఎక్కడో ఒక దీవి ఉందట. ఒకప్పుడు దాని కొండల మీంచి ఊరంత మంచుగడ్డ జారుతూ జారుతూ రాయిని తొలిచి పెద్ద గుంత చేసిందట. ఆ మంచే కరిగి గుంత నిండి సరస్సయిందట. "ఆ నీళ్లు తాగేదానికి నరపురుగు లేదు!" అని చెప్పి మురిసిపోయేవాడు. తాగే దిక్కు లేని నీళ్లను చూసి మురిసేదేముందో భార్య ప్రేమమ్మకు అర్థమయ్యేది కాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని మూతి విరిచేది.

ఆ రోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఇంట్లో చూస్తే పాప కృపమణికి జ్వరం, నాలుక పిడచ కట్టుకుపోయింది. ప్రేమమ్మ కోడి కూయగానే పోయి, పాపాఘ్ని ఏటి ఇసుకలో తవ్విన చెలమ దగ్గర కూర్చుని, చిప్పతో ఊట తోడి తోడి కడవ నింపింది. ఒకసారి కడవ ఎత్తితే మళ్లీ వరస కడాన నిలబడాల్సిందే, అది ఆడవాళ్ల కట్టుబాటు. ఇంట్లో కడవ దించి, గంజి కాచడానికి పుల్లలు ఏరుకొచ్చేసరికి కడవ బోర్లా పడి ఉంది.

నీళ్లు బడిలో ఉన్నాయి. పక్కనే కదా అని ప్రేమమ్మ పోయి చూస్తే, శాంతయ్య బంకమట్టితో చేసిన దీవి, నడుమ గుంతలో సరస్సు, అంచున మంచుకు బదులు సున్నం! ప్రేమమ్మకు ఒళ్లు మండిపోయింది. థూ, నీ చదువు తగలెయ్య, అనుకుంది.

అప్పటికే ఇన్‌స్పెక్టరు జట్కా దిగి వచ్చి, దీవి చుట్టూ తిరిగి, "శభాష్! మంచు తొలిచిన సరస్సంటే ఇదీ!" అని మెచ్చుకున్నాడు. చెమట తుడుచుకుంటూ, "కాసిని మంచినీళ్లు తెప్పించండి" అన్నాడు. శాంతయ్య వాకిట్లో నిలబడ్డ పెళ్లాం వంక చూశాడు.

ప్రేమమ్మ చెంబు తెచ్చి సరస్సులో ముంచింది. సున్నం తేలుతున్న ఆ నీళ్లు ఆయన ముందు పెట్టింది.

"తాగు దొరా. మా ఇంట్లో ఉండే నీళ్లన్నీ ఇవే."

ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. శాంతయ్య ముఖం మాడిపోయింది. "పెద్దమనుషుల ముందర ఇదేం పనే?"

"ఆయప్పకు దప్పికైతే నీకు కనపడె. పొద్దున్నించి పాప నీళ్లు నీళ్లని ఏడుస్తాంటే చెవుల్లో సీసం పోసుకుంటివా?" ఖాళీ కడవ తెచ్చి అతని చేతుల్లో కుక్కింది. "పో, చెలమకు పో. నీ దీవంత దూరమేం కాదులే."

ఇన్‌స్పెక్టరు తల వంచుకున్నాడు. శాంతయ్య కడవ చంకనెత్తుకుని వాకిలి దాటాడు. దాటి ఆగాడు.

"మన చెలమ యాడుండాది?" అన్నాడు.