గోడలో దారం

నిమాయి హజ్రా నీలం తీగ పైతొడుగు ఒలిచి, లోపలి ఎనిమిది సన్నతీగల మెలికలు విప్పి, వేళ్ల మధ్య వరసగా పేర్చుకున్నాడు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, వాటి పక్కన వాటి తెల్లచారల జంటలు. ఒక్కటి వరస తప్పినా తీగ మొత్తం దండగ. అరవై ఒకటి నిండాక ఆ కళ్లకు నారింజా గోధుమా ఒకటే అయిపోయాయి.

"బౌదీ, ఇందులో గోధుమరంగు ఏదండీ?"

అతను బౌదీ, అంటే వదినా, అని పిలిచే ఆ ఇంటి కోడలు శర్బాణి చేతులకు ఆవనూనె రాసుకుని మెట్లమీద అరటిపువ్వు ఒలుస్తోంది. జిగురంటని చిటికెనవేలితో చూపించింది.

"కళ్లు కనబడనివాడివి ఈ పనికెందుకొచ్చావని అడగరేం?" అన్నాడు నిమాయి.

"అడిగితే మానేస్తారా, నిమాయిదా?"

"మానను."

"మరి ఊరికే నోరు నొప్పెందుకు నాకు?"

బాగ్‌బజార్ సందులో ఆ ఇల్లు వీధివైపు సగం, పెరటివైపు సగం, మధ్యలో వాకిలి. ఏ గోడ చూసినా మూరెడు మందం. నెల కిందట ఎవరో నున్నగా మాట్లాడే కుర్రాడు ఇల్లంతా ఇంటర్నెట్ పంచే మూడు తెల్లని వైఫై మెష్ పెట్టెలు అమ్మి, ఒకదాన్నొకటి గాలిలోనే అందుకుంటాయని చెప్పి వెళ్లాడు. రెండు అందుకున్నాయి. మూడోది పెరటి గదిలో ఎర్రదీపం వెలిగించుకుని కూర్చుంది. ఆ గదిలో సెల్‌ఫోనుకు కూడా ఏనాడూ సిగ్నల్ లేదు.

ఆ గదిలోనే ఇంటాయన మేనత్త నిరుపమ ఉంటుంది. అందరికీ ఆమె పిసీమా. తుంటి విరిగి మంచం దిగలేదు. ఆమె చెల్లెలు అనుపమ సరిహద్దు అవతల బరిశాల్‌లో ఉంటుంది. రేపు పొద్దున ఆమెకు గొంతు ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉంటుందన్న ఆశ లేదని డాక్టరు చెప్పేశాడు. ఇవాళ నాలుగింటికి వీడియోలో మాట్లాడుకోవాలి. మాటలు వినబడేది ఇక ఇవాళే.

నిమాయి పొద్దున్నే చాలావరకు పని తేల్చేశాడు. వీధి గదిలో ఇంటర్నెట్ వచ్చే పెద్ద పెట్టె నుంచి మెట్ల దగ్గర తీగలు పంచే స్విచ్‌కు ఒక తీగ, స్విచ్ నుంచి ఒక్కో పెట్టెకూ ఒక్కో తీగ. పెట్టెలు ఇక గాలిని నమ్ముకోనక్కర్లేదు. మిగిలింది పిసీమా గది గోడ. ఉలి పెడితే ఆ దుమ్ముకు ఆమె ఊపిరి ఆగేలా ఉంది. గుమ్మంలోంచి వేస్తే తలుపు మూసినప్పుడల్లా తీగ నలుగుతుంది. బయటినుంచి తిప్పుదామంటే పక్కింటి గోడ వీపుకు వీపు అంటుకుని ఉంది. అప్పుడే రెండు దాటింది.

గుమ్మం పక్కన సున్నం కింద ఏదో చెక్కమూత ఉన్నట్టుంది. గీకి, ఊడదీసి, టార్చి వేశాడు. పాతకాలపు టెలిఫోను ఇనపగొట్టం. దాని నోట్లో మేకు, మేకుకు కట్టిన జనపదారం. రెండు ముళ్లు, మూరెడు మిగులు.

నిమాయి అలాగే చతికిలబడ్డాడు.

తీగ లాగిన ప్రతి గొట్టంలోనూ ఒక దారం వదిలిపెట్టడం అతని అలవాటు. తర్వాత వచ్చేవాడు గోడ పగలగొట్టకుండా దానికి తన తీగ కట్టుకుని లాక్కుంటాడని. ముప్పైనాలుగేళ్లలో వందల ఇళ్లు. దారం దండగ కాదా అని అడిగినవాళ్లున్నారు. పీకేసి పొట్లాలు కట్టుకున్నవాళ్లున్నారు. ఇంకొకరు వదిలిన దారం మాత్రం అతనికి ఒక్కనాడూ దొరకలేదు. ఈ పిచ్చి తనొక్కడిదే అనుకున్నాడు.

"ఏమైంది, నిమాయిదా?"

"నాకోసం ఎవరో ఉంచి వెళ్లారు, బౌదీ." కళ్లు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

జనపనార ముసలిదైపోయింది, బరువుకు ఆగదు. అందుకని మొదట తన సంచిలోని తెల్లని నైలాన్ దారం చివర దానికి కట్టాడు. శర్బాణి గిన్నెలోంచి ఆవనూనె తీసి ముడికి పూశాడు. గదిలోపలివైపు మూత కూడా ఊడదీసి, ఆమెను ఆ కొస దగ్గర కూర్చోబెట్టాడు.

"మెల్లగా లాగండి. నిద్రపోతున్న పిల్లాడి కిందినుంచి దుప్పటి లాగినట్టు."

దారం కదిలింది. ఆగింది. గొట్టంలో ఏదో గరగరమని, మళ్లీ కదిలింది. మొత్తం బయటికొచ్చాక పట్టి చూస్తే జనపనార ఆమె వేళ్లలోనే పొడి అయింది. దాని వెనకే తెల్లదారం, తెల్లదారం వెంట నీలం తీగ, తీగతోబాటే ఇంకో తెల్లదారం.

మంచంమీంచి పిసీమా అంది: "నలభై రెండేళ్లయింది ఆ టెలిఫోను పెట్టి. ముక్కుమీద పుట్టుమచ్చ ఉండేది ఆ మనిషికి. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాడు. పేరడగలేదు నేను."

నాలుగుకు పది నిమిషాలుండగా తీగ కొస మూడో పెట్టెలో గుచ్చాడు. మెట్ల దగ్గర స్విచ్‌మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది. గదిలో ఎర్రదీపం కాసేపు తటపటాయించి తెల్లబడింది.

"దీదీ, వినబడుతున్నానా?" తెరమీంచి చెల్లెలు అడిగింది.

"పక్కలో పడుకుని గోల చేస్తున్నట్టే ఉన్నావు. ఏం తిన్నావే?"

"గంజి. రేపట్నుంచి అదీ లేదట."

"చిన్నప్పుడు నీ నోరు మూయించలేక అమ్మ ఏడ్చేది. ఆ డాక్టరెవరో అమ్మకంటే గట్టివాడే."

అవతల అనుపమ పగలబడి నవ్వింది. నవ్వు ఎక్కడా తెగలేదు. సామాను సర్దుకుంటున్న నిమాయి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. నదులు దాటి, సరిహద్దు దాటి వచ్చిన నవ్వు, చివరి మూరెడు దూరం పేరు తెలియనివాడి గొట్టంలోంచి నడిచి వచ్చింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక అతను ఆ గోడను చేత్తో తాకాడు. అక్కాచెల్లెళ్లు గంటంబావు మాట్లాడుకున్నారు.

ఆపరేషన్‌తో అనుపమ గొంతు పోయింది. ఇప్పుడు రోజూ నాలుగింటికి ఆమె పలకమీద రాసి చూపిస్తుంది, పిసీమా పైకి చదివి తిడుతుంది. నిమాయి ఆ ఫాల్గుణంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, అన్నం తిని పడుకుని లేవలేదు. శర్బాణికి ఆ సంగతి నెల దాటాక తెలిసింది.

వానాకాలంలో ఎలుక ఆ తీగ కొరికింది. కొత్తగా వచ్చిన పనివాడు ఉలి చేత్తో పట్టుకునే చెక్కమూత తీశాడు. లోపలికి చూసి, ఉలి నేలమీద పెట్టేశాడు.

"ఎవరండీ ఇది వదిలింది?"

"నిమాయి హజ్రా," అంది శర్బాణి. "కోన్నగర్ నుంచి వచ్చేవాడు."

గొట్టం నోట్లో మేకుకు తెల్లదారం కట్టి ఉంది. రెండు ముళ్లు, మూరెడు మిగులు.