మింగేసిన మాట

నేను ఒక పాటల రికార్డును. చిన్న అట్టు అంత ఉంటాను, రంగు మాత్రం మాడిన అట్టు రంగు. అరవైల చివర కలకత్తా దగ్గర ఒక ఫ్యాక్టరీలో వేడి ముద్దను అచ్చుల మధ్య పెట్టి నొక్కితే పుట్టాను. ఒకవైపు గిటార్లు గోల చేసే రాక్ పాట. రెండోవైపు అమెరికా నల్లజాతి గాయకుడొకడు గుండె పగిలేట్టు పాడిన సోల్ పాట. ఆ రెండోవైపే కొంప ముంచింది. నా కొంప కాదు, యేసురత్నం కొంప.

మద్రాసు మౌంట్ రోడ్డులోని ఒక కొట్టు నుంచి నన్ను బిట్రగుంట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి తెచ్చారు. అంటే రైల్వేవాళ్ళ క్లబ్బుకి. అప్పట్లో బిట్రగుంట బొగ్గు ఇంజన్ల ఊరు. శనివారం సాయంత్రమైతే చాలు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు మసి కడుక్కుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, పెళ్ళాం పిల్లలతో డ్యాన్సుకు వచ్చేవాళ్ళు. సూది నా ఒళ్ళంతా గీకి పెట్టేది. అయినా అవే నాకు మంచి రోజులు.

యేసురత్నం ఇంజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఫిట్టరు. చర్చిలో పాడి పాడి సానబట్టిన గొంతు. ఇన్‌స్టిట్యూట్ బ్యాండులో పాటగాడు అతనే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు గానీ, పాటలో నమిలి పారేసే ఇంగ్లీషు అతనికి అంతుబట్టేది కాదు. నన్ను పదేపదే వేసుకుని, చెవిన పడింది పడినట్టు బట్టీపట్టేవాడు. అర్థం కానిచోట వచ్చిన మూలుగును కూడా వదిలేవాడు కాదు.

ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరుగారి అమ్మాయి డోరీన్ ఆ గొంతుకు పడిపోయింది. ఆమె అంటే అతనికీ ప్రాణం. కానీ నోరు విప్పి చెప్పడే! ఈలోగా వాళ్ళ నాన్న కుటుంబంతో సహా ఆస్ట్రేలియా ప్రయాణం ఖాయం చేశాడు. రిహార్సల్ అయ్యాక ఆమె నా పక్కనే నిలబడి నిలదీసింది.

“ఏంది యేసూ, ఉండమంటావా, పొమ్మంటావా? ఒక్క మాట చెప్పు. ఉండమంటే మా నాన్నతో నేను మాట్లాడుకుంటా.”

“శనివారం పాటలో చెప్తాలే,” అన్నాడు మహానుభావుడు.

అందుకు నా రెండోవైపు పాటను ఎంచుకున్నాడు. ‘డార్లింగ్’, ‘మార్నింగ్’, ‘స్టేషన్’, ‘కమ్’. రైల్వే మనిషికి ఇంకేం కావాలి? పొద్దున్నే స్టేషన్‌కి రమ్మనే పాట అనుకున్నాడు. ఆమె వస్తే పొద్దున బండికి నెల్లూరు తీసుకెళ్దామని, ముందే వెళ్ళి అక్కడి పాస్టరుగారితో పెళ్ళి మాట కూడా మాట్లాడి వచ్చాడు. కానీ ఆ ‘కమ్’కు ముందు నా గాయకుడు ‘డోంట్’ అన్నాడు. ముక్కులోంచి తీసి, సాగదీసి, సగం మింగేశాడు. యేసురత్నం దాన్నీ మూలుగే అనుకున్నాడు. నాయనా, అది రావద్దనే పాట అని చెప్పే దారి నాకు లేదు.

శనివారం డోరీన్ ముందు వరసలో కూర్చుంది. ఆమె ఇంట్లో మాట్లాడే భాషే ఇంగ్లీషు, మింగిన మాట కూడా ఆమెకు వినిపిస్తుంది. అతను ఆమెనే చూస్తూ, పొద్దున స్టేషన్‌కి రావద్దు డార్లింగ్ అని ప్రాణం పెట్టి పాడాడు, మూలుగుతో సహా. ఆమె కళ్ళు తుడుచుకుంటే సంతోషమనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమెకు కానుకగా ఇద్దామని, క్లబ్బులో అడిగి తీసుకున్న నన్ను సంచీలో పెట్టుకుని ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాడు. నెల్లూరు వైపు పాసింజరు వచ్చింది, వెళ్ళింది. డోరీన్ రాలేదు.

ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే. అతను వెళ్ళి అడగొచ్చు. ఆమె అయినా వచ్చి అడగొచ్చు. మనుషులు సముద్రాలు దాటతారు గానీ పక్కవీధికి వెళ్ళాలంటే పౌరుషం అడ్డొస్తుంది. కొన్నాళ్ళకు ఆమె ఓడ ఎక్కింది. యేసురత్నం తరవాత పెళ్ళి చేసుకున్నాడు, మంచి ఇల్లాలే దొరికింది. ఆ పాట మాత్రం మళ్ళీ పాడలేదు. బొగ్గు ఇంజన్లు పోయాయి, షెడ్డు బోసిపోయింది, నేను అతని బీరువా పైన దుమ్ములో ఉండిపోయాను.

మొన్న చలికాలంలో ఊరు వదిలిన పాత రైల్వే కాలనీవాళ్ళంతా కలిసి ఇన్‌స్టిట్యూట్ హాలు తెరిపించి, ఆనాటి పాటలు మళ్ళీ విందామన్నారు. ఆస్ట్రేలియా నుంచి డోరీన్ కూడా వచ్చింది, నెరిసిన జుట్టుతో. యేసురత్నం నన్ను తెచ్చి, ఎవరో తెచ్చిన ప్లేయరు మీద పెట్టాడు. రెండోవైపు మొదలవగానే ఆమె నవ్వింది.

“రావద్దని ఇంత తియ్యగా చెప్పినోడివి నువ్వొక్కడివే యేసూ.”

“రావద్దనా?” అన్నాడతను. “రమ్మని గదా నేను పాడింది. నీ కోసం స్టేషన్లో ఉండాను గదా.”

డోరీన్ నవ్వు ఆగిపోయింది. సూదిని ఎత్తి వెనక్కి పెట్టింది. ఆ చోటు వచ్చింది. నేను ఉన్నది ఉన్నట్టే పాడాను, ఇంకేం చేయను? ఈసారి అతనికీ వినిపించింది. ఆ ముఖం చూడలేకపోయాను.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. “పోనీలే యేసూ. ఆ మాట సరిగ్గా వినబడదులే. ఎవరైనా పొరబడతారు.”

అతను తలూపాడు. ఆమె మెల్లగా అడిగింది. “ఆరోజు శానాసేపు ఉండావా?”

“లేదులే,” అన్నాడు. “పాసింజరు పోయిందాకా, అంతే.”

అబద్ధం. చీకటి పడేదాకా ఉన్నాడు. ఆ సంచీలో నేనున్నాను.