వాగు నడుమ దొర

పోలీసు చర్య అయిన రెండేళ్లకు ఆసిఫాబాద్ పక్క మా ఊరి వాగులోకి జీపులు దిగడం మొదలైంది. వంతెన లేదు. చక్రాలు ఇసుకలో కూరుకుపోతే మొండయ్య తన ఎడ్లను కట్టి అవతలి గట్టుకు లాగేవాడు. ఆ ఎడ్ల బలం చెబితే మీరు నమ్మరు. ఒకసారి జీపు కదలకపోతే వాగునే రెండు బారలు పక్కకు జరిపాయి.

మొండయ్యకు పులిగాడని ఒక వేటకుక్క. అది మొరిగితే అడవిపందులు తమంతట తామే వచ్చి వరుసగా నిలబడేవి. అడవిలో చెట్లు నరికే కూపుల గుత్తేదారు రాజేశ్వరరావు దొర వేటకని దాన్ని అడిగి తీసుకుపోయాడు.

“దొరా, జీపుల కాళ్ల కాడ కూసోబెట్టుకో. ఎనుక కడితె మెడకు కట్టకు, ఛాతి సుట్టు తిప్పి కట్టు” అని మొండయ్య మరీ మరీ చెప్పాడు.

“కుక్కను కట్టుడు నాకు నేర్పుతున్నవారా?”

దొర దాన్ని జీపు వెనుక ఎక్కించి, కడ్డీకి మెడతాడు కట్టి దౌడు తీయించాడు. మలుపులో పులిగాడు జారిపడి, తాడుకు వేలాడుతూ చాలా దూరం నేలకు ఒరుసుకుంటూ పోయాడు. ప్రాణం దక్కింది కాని వెనుక కాలు ఒకటి పోయింది. దాన్ని మొండయ్య వాకిట్లో దించి, “కుక్కకు ఏడుపేందిరా” అని నవ్వి వెళ్లిపోయాడు దొర.

మొండయ్య ఏడవలేదు. “వాగు దాటకుంట ఏడికి పోతడే?” అన్నాడు భార్య బుచ్చవ్వతో.

వానలు వెనుకబట్టాక దొర ఒక్కడే వచ్చాడు. ఆ పూట ఆసిఫాబాద్ కచేరీలో కూపుల హర్రాజు పాట. జీపు నీళ్లలో దిగీ దిగగానే కూలబడింది.

“మొండిగా! జల్ది ఎడ్లను తేరా!”

“తెస్త దొరా. గని ముంగటి సీట్ల పులిగాడు కూసుంటడు. స్టీరింగు నేను పడ్త. నువ్వు ఎనుక.”

“కుక్క ముంగట, నేను ఎనుకనా?”

“ఫికర్ జెయ్యకు, అది నిన్ను ఏమనది.”

దొర పొద్దు వైపు చూసి, పళ్లు కొరుక్కుంటూ వెనుక ఎక్కాడు. బుచ్చవ్వ ఎడ్లను అదిలించింది. చక్రం బండరాయి ఎక్కగానే దొర నీళ్లలో పడ్డాడు. ఆ చప్పుడుకు చేపలు పక్క ఊరికి వలసపోయాయి. ధోవతి గోదావరి దారి పట్టింది.

“నన్ను కట్టురా, మల్ల పడ్త!”

“మెడకా దొరా?”

“వద్దురా! నీకు దండం పెడ్త, మెడకొద్దు!”

మొండయ్య ఛాతీ చుట్టూ తాడు తిప్పి, ఒరుసుకోకుండా తువ్వాల మడిచి పెట్టి, చేతికందకుండా వెనుక కడ్డీకి బిగించి ముడివేశాడు. “గిట్ల కట్టాలె. సూసినవా?”

నడివాగుకు చేరాక ఎడ్లను విప్పేశాడు. పులిగాణ్ణి భుజాన వేసుకుని గట్టుకు నడిచాడు.

“ఎటు పోతున్నవురా? హర్రాజు అయిపోతది!”

“ఎడ్లకు దూపైంది దొరా, నీళ్లు తాగనీ.”

“పాపం వణుకుతుండు, తీస్కరారాదు” అంది బుచ్చవ్వ.

“పులిగాని కాలు మొలువనీ. తీస్కొస్త.”

చుట్ట ముట్టించి కూర్చున్నాడు. దొర తిట్టాడు, బతిమాలాడు, తన తాతల పేర్లన్నీ చెప్పుకున్నాడు. పొద్దు గూకుతుండగా కచేరీ నుంచి తిరిగొస్తున్న మా ఊరి హనుమండ్లు అవతలి గట్టు నుంచి కేకవేశాడు, కూపు మంచిర్యాల సేటుకు పోయిందని.

అప్పుడు లేచాడు మొండయ్య. ఎడ్లను జీపుకు కట్టి అడిగాడు:

“ఎటు గుంజాలె దొరా, ఇంటికేనా?”